అర్జీ నుంచి వినతిపత్రం దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ప్రజల ఉత్తరాల చరిత్ర

పాలించేవారికి తమ ఇబ్బందిని రాసి ఇచ్చుకోవడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో నూటయాభై ఏళ్లకు పైబడిన ఆచారం. నిజాం కాలంలో దాన్ని అర్జీ అన్నారు, దరఖాస్తు అన్నారు. ఓటు హక్కు వచ్చాక వినతిపత్రం, మెమొరాండం అనే మాటలు వచ్చి చేరాయి. ఉత్తరం అందుకునేవాడు మారాడు, రాసే భాష మారింది, రాసేవాళ్ల సంఖ్య మారింది. ఈ మూడు మార్పులూ ఒకదాని వెంట ఒకటి రావడం వల్లే దయ కోరుతూ ఒంటరిగా పెట్టుకున్న అర్జీ, పదిమంది కలిసి లెక్కలతో అడిగే కోరికగా ఎదిగింది. ఆ ఎదుగుదలకు ఈ మూడు పట్టణాల చరిత్రలో స్పష్టమైన ఆనవాళ్లు ఉన్నాయి.

నిజాం కచేరీలో అర్జీ

మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ సంస్కరణలు తెచ్చాక హైదరాబాదు రాజ్యంలో జిల్లాలు, తాలూకాలు ఒక వరుసలోకి వచ్చాయి. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు మొదట ఎలగందల్ జిల్లాలో ఉండేవి. 1905లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆ జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. ఊళ్లో పోలీసు పటేలు, మాలీపటేలు, పట్వారీ ఉండేవారు. వారి పైన గిర్దావరు, తహసీల్దారు, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అందరి పైన వరంగల్ సుబేదారు ఉండేవారు. రైతు పెట్టుకున్న అర్జీ ఈ మెట్లన్నీ కిందినుంచి ఎక్కాలి. విచారణ కోసం మళ్లీ ఆ మెట్లన్నీ దిగి ఊరికే రావాలి.

ఇక్కడే మొదటి చిక్కు ఉండేది. భూమి శిస్తు గురించో, బలవంతపు వసూలు గురించో తహసీలు కచేరీలో అర్జీ పెడితే, నిజానిజాలు తేల్చమని ఆ కాగితం ఊరి పట్వారీ దగ్గరికే వచ్చేది. పహాణీ, శిస్తు లెక్కలు అతని చేతిలోనే ఉండేవి. చాలా ఊళ్లలో పటేల్ పట్వారీగిరీ దొర కుటుంబానిదో, దొర మాట దాటనివారిదో. ఎవరి మీద ఫిర్యాదు చేశారో వారి ముందే వాంగ్మూలం ఇవ్వాల్సి రావడంతో చాలామంది అర్జీ జోలికే పోయేవారు కాదు. జాగీరు గ్రామాల్లో పరిస్థితి ఇంకా కష్టంగా ఉండేది. అక్కడ వసూళ్లు జాగీర్దారు మనుషులే చేసేవారు, ఫిర్యాదులూ వాళ్లే వినేవారు.

రెండో చిక్కు భాష. 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. జగిత్యాల రైతుకూ సిరిసిల్ల సాలెకూ ఇంట్లో తెలుగు తప్ప మరొకటి తెలియదు. అర్జీ మాత్రం ఉర్దూలోనే ఉండాలి. అందువల్ల కచేరీ బయట అర్జీనవీసు కూర్చునేవాడు. వచ్చినవాడు తన గోడు తెలుగులో చెప్పుకుంటే అతను ఉర్దూలో రాసేవాడు. పైన అధికారికి పెద్ద పెద్ద బిరుదులు, కింద అర్జీదారుడి వినయం, మధ్యలో నాలుగు ముక్కలుగా అసలు విషయం, చివర ఫసలీ తేదీ ఉండేవి. హైదరాబాదు ఫసలీ సంవత్సరం క్రీస్తుశకానికి 590 ఏళ్లు వెనక నడిచేది. ఆజర్, దై, బహమన్ అనే నెలల పేర్లు కూడా పల్లెవాళ్లకు పరాయివే. రాత అయ్యాక అర్జీదారుడు వేలిముద్ర వేసేవాడు. తన పేరు మీద ఏం రాశారో చదివి చూసుకోలేని మనిషి వేసిన ముద్ర అది. తను చెప్పింది పూర్తిగా రాశారా, ఎంత వదిలేశారు అన్నది అతనికి ఎన్నటికీ తెలిసేది కాదు.

ఇన్ని ఇబ్బందులున్నా జనం అర్జీలు మానలేదు. నీటి తూము తగువులు, శిస్తు మాఫీ, శికం (చెరువు గర్భపు) భూముల పట్టాలు, మగ్గాల మీద వేసిన పన్ను వంటివి రాతపూర్వకంగా అడిగితేనే కచేరీలో కదిలేవి. నోటిమాటకు ఆనవాలు ఉండదని, కాగితానికి ఉంటుందని పల్లెకు తెలిసింది ఆ రోజుల్లోనే.

సిరిసిల్ల సభ, తీర్మానాల కాలం

ఒక్కొక్కరు విడిగా పెట్టుకునే అర్జీలను ఒకచోట చేర్చి, ప్రజల పక్షాన ప్రభుత్వాన్ని అడిగే పని 1921లో మొదలైంది. ఆ ఏడాది నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముకగా నిలిచారు.

జనసంఘం చేసిన పనుల్లో ఉత్తరాల చరిత్రకు సంబంధించినది చిన్న పుస్తకాల ప్రచురణ. వెట్టిచాకిరి మీద, వర్తకుల ఇబ్బందుల మీద తెలుగులో పుస్తకాలు వేసి ఊళ్లకు పంపారు. వెట్టి విషయంలో ప్రభుత్వ ఉత్తర్వులు అప్పటికే కొన్ని ఉన్నాయి. అవి ఉన్నట్లు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఉత్తర్వు ఉన్నదని తెలిసిన మనిషి రాసే అర్జీకీ, తెలియని మనిషి రాసే అర్జీకీ చాలా తేడా ఉంటుంది. మొదటివాడు ప్రభుత్వం చెప్పిన మాటను ప్రభుత్వానికే చూపించి అడుగుతాడు. కాదనడానికి అధికారికి కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన గోలకొండ పత్రిక ఈ పనికి ఇంకో చేయి అందించింది. కచేరీలో మూలపడ్డ సమస్య అచ్చులోకి వస్తే నలుగురి నోళ్లలో పడేది.

జనసంఘం వేసిన బాటలోనే 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1931లో దేవరకొండలో, 1934లో ఖమ్మంలో తర్వాతి సభలు జరిగాయి. నాలుగో మహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగింది. అంతకుముందు మగ్గాల ఊరిగానే పేరున్న సిరిసిల్ల ఆ సభతో తెలంగాణ రాజకీయ చరిత్రలో చోటు సంపాదించింది.

అప్పట్లో సభ పెట్టుకోవడానికే దరఖాస్తు కావాలి. గస్తీ నిషాన్ 53 పేరుతో ఉన్న ఉత్తర్వు ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా బహిరంగ సభ జరపరాదు. అందువల్ల మహాసభ నాయకులు ప్రతిసారీ మొదట రాసే ఉత్తరం సభకు అనుమతి కోరే దరఖాస్తే. అనుమతి దొరికాక సభలో చేసిన తీర్మానాలు మళ్లీ ప్రభుత్వానికి వెళ్లే విన్నపాలు అయ్యేవి. మాతృభాషలో ప్రాథమిక విద్య, వెట్టి రద్దు, గస్తీ నిషాన్ ఉపసంహరణ ఆ ఏళ్ల తీర్మానాల్లో పదేపదే కనిపించే కోరికలు.

తీర్మానం రూపం అర్జీ రూపానికి పూర్తిగా వేరు. దాన్ని ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, సభ ఆమోదిస్తుంది. బిరుదుల వరుసలు ఉండవు. ఏం కావాలో ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ కోరిక వెనుక సభకు వచ్చినవారందరూ ఉన్నారని ప్రభుత్వానికి తెలుస్తుంది. దేశంలో ఇతర చోట్ల కాంగ్రెసు మితవాదులు పంతొమ్మిదో శతాబ్దం చివర నడిచిన దారి ఇదే. హైదరాబాదులో అది యాభై ఏళ్లు ఆలస్యంగా, తెలుగులో వచ్చింది. అయితే ఎంత మంచి తీర్మానమైనా దాన్ని చదివే అధికారికి జనానికి జవాబు చెప్పే అవసరం లేదు. ఆ కొరత తీరడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

1952: ఉత్తరం అందుకునేవాడు మారిన ఏడాది

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1952 ఎన్నికల్లో 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు దక్కింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన 1931 దేవరకొండ మహాసభ అధ్యక్షుడు. ఇరవై ఏళ్ల కిందట ప్రభుత్వానికి తీర్మానాలు పంపిన మనిషే ఇప్పుడు జనం ఉత్తరాలు అందుకునే కుర్చీలో కూర్చున్నారు. కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచిన వారిలో సిరిసిల్ల ప్రాంతపు గాలిపెల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి ఒకరు. తమ యాస మాట్లాడే మనిషి, తమ ఊరి దారి తెలిసిన మనిషి శాసనసభలోనో పార్లమెంటులోనో ఉండడం ఈ ప్రాంతానికి కొత్త.

ఓటు ఉత్తరానికి ఒక గడువు పెట్టింది. తహసీల్దారు బదిలీ అయిపోతాడు. ఎమ్మెల్యే అయిదేళ్లకు మళ్లీ అదే ఊరికి రావాలి. పోయినసారి ఇచ్చిన కాగితం ఏమైందని అడిగేవాడు అక్కడే ఉంటాడు. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చాక సర్పంచి, సమితి ప్రెసిడెంటు కూడా ఉత్తరాలు అందుకునే వరుసలో చేరారు. 1963లో నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాక, దాని కాకతీయ కాలువ ఎక్కడిదాకా వస్తుంది, తమ ఊరి తూముకు నీళ్లు ఎప్పుడు వస్తాయన్నది కోరుట్ల, జగిత్యాల రైతుల ఉత్తరాలకు దశాబ్దాల పాటు విషయమైంది.

భాష కూడా తిరిగింది. 1948 తర్వాత కొన్నాళ్లు ఉర్దూ, ఇంగ్లీషు కలగలిసి నడిచాయి. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. దాంతో తెలుగు చట్టప్రకారం అధికార భాష అయింది. ఆచరణలో ఇంగ్లీషు చాలాకాలం వదల్లేదు. అయినా తన దరఖాస్తును తానే చదువుకోగల, తన బడిపిల్లవాడి చేత రాయించుకోగల స్థితి ఊరికి వచ్చింది. తహసీలు ఆఫీసు ముందు బల్ల వేసుకున్న రాతగాళ్లు అలాగే ఉన్నారు. వాళ్ల మీద పూర్తిగా ఆధారపడాల్సిన అవసరం మాత్రం తగ్గింది.

కాగితం ఆగిన చోట: 1978

ఓటు వచ్చినంత మాత్రాన ఊరి లోపల అధికారం మారలేదు. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984 దాకా కొనసాగింది. వెట్టి, జీతగాళ్ల వ్యవస్థ చట్టప్రకారం నేరాలే. కట్టుబానిసత్వ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఊళ్లో అవి నడుస్తూనే ఉన్నాయి. బంజరు, శికం భూములు కాగితం మీద సర్కారువి, దున్నేది దొరలు. వీటి మీద పెట్టుకున్న ఫిర్యాదులు పాత దారినే పోయి పాత చేతుల్లోకే తిరిగి వచ్చేవి.

అత్యవసర పరిస్థితి ఎత్తేశాక జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు పెరిగాయి. కూలీ రేట్ల పెంపు, వెట్టి రద్దు, బంజరు భూములు, దొరలు వసూలు చేసిన జరిమానాల వాపసు వాటి కోరికలు. 1978 సెప్టెంబరు 7న వేలాదిమంది జగిత్యాల పట్టణంలోకి నడిచి వచ్చారు. ఆ ఊరేగింపు జగిత్యాల జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. అదే ఏడాది అక్టోబరు 20న ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఫిర్యాదు ఎవరి మీదో వారి చేతికే విచారణ అప్పజెప్పే వ్యవస్థలో రాతపూర్వక విన్నపానికి విలువ నిలవదని ఆ సంఘటన తేల్చింది. వినే చెవి లేనప్పుడు జనం కాగితం వదిలి వీధిలోకి వస్తారు. ఆ తర్వాత ప్రభుత్వాలు తెచ్చిన మార్పులు చాలావరకు ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా సాగాయి. 1984లో పటేల్ పట్వారీ పదవులు పోయాయి. 1985లో మండలాలు వచ్చి ఆఫీసు ఊరికి దగ్గరైంది. అదే కాలంలో సుప్రీంకోర్టు ఇంకో తలుపు తెరిచింది. ఫరీదాబాదు రాతి గనుల్లోని వెట్టికార్మికుల గురించి వచ్చిన ఒక ఉత్తరాన్నే రిట్ పిటిషనుగా తీసుకుని, బంధువా ముక్తి మోర్చా కేసులో తీర్పు చెప్పింది. కోర్టు ఫీజు లేకుండా, వకీలు లేకుండా, మామూలు ఉత్తరంతో దేశపు అత్యున్నత న్యాయస్థానాన్ని కదిలించవచ్చని అలా స్థిరపడింది.

వినతిపత్రం కట్టుబాటు, దాని ప్రయాణం

ఇన్నేళ్ల అనుభవంలో మంచి వినతిపత్రానికి ఒక రూపం ఏర్పడింది. పైన తేదీ, ఎవరికి రాస్తున్నారో ఆ హోదా, ఊరు. తర్వాత 'విషయం' అని ఒకే ఒక్క పంక్తి. అంతకుముందు రాసి ఉంటే 'సూచిక' అని పాత ఉత్తరం తేదీ, ఆఫీసు ఇచ్చిన నంబరు. తర్వాత సమస్య, ఏం చేయాలన్న కోరిక, జత చేసిన కాగితాల జాబితా, సంతకాలు, చిరునామా, ఫోను నంబరు. ఆఫీసులో కాగితం నడిచే తీరును బట్టే ఈ అంశాలన్నీ ఈ వరుసలో స్థిరపడ్డాయి.

ఉత్తరం ఆఫీసుకు చేరగానే తపాలులో పడుతుంది. ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేసి, విషయం పంక్తి చూసి సంబంధిత సెక్షనుకు పంపుతారు. విషయం దగ్గర మూడు సమస్యలు కలిపి రాస్తే కాగితం ఒక సెక్షనుకే పోతుంది, మిగతా రెండూ అక్కడే ఆగిపోతాయి. సెక్షను గుమాస్తా దాని మీద నోటు రాసి ఫైలు పెడతాడు. నోటు రాయడానికి అతనికి సర్వే నంబరో, కార్డు నంబరో, తేదీయో కావాలి. లేకపోతే వివరాలు కోరుతూ ఫైలు తిరిగి కిందికి దిగుతుంది, నెలలు గడుస్తాయి.

కాలువ నీళ్ల ఉత్తరాన్నే తీసుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. 'మా ఊరి పొలాలకు నీళ్లు వస్తలేవు, దయతో పరిశీలించగలరు' అని రాస్తే చదివినవారికి జాలి కలుగుతుంది, చేయాల్సిన పని మాత్రం తెలియదు. ఏ డిస్ట్రిబ్యూటరీ, ఎన్నో తూము, దాని కింద ఎన్ని ఎకరాల వరి, నీళ్లు ఏ తేదీ నుంచి ఆగాయి, కాలువలో పూడిక ఎక్కడ ఉంది, ఎన్ని రోజుల్లో నీళ్లు రాకపోతే పొట్టకొచ్చిన పైరు ఎండుతుంది అని రాస్తే, ఎమ్మెల్యే ఆ కాగితం చేతిలో పట్టుకునే ఇంజనీరుకు ఫోను చేయగలరు. పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పటిలోగా చేయాలో ఆ ఉత్తరమే చెబుతుంది.

ప్రజాప్రతినిధికి నేరుగా ఉత్తర్వు ఇచ్చే అధికారం చాలా విషయాల్లో ఉండదు. ఎమ్మెల్యే చేసేది సిఫారసు. అర్జీ అంచున 'పరిశీలించి తగు చర్య తీసుకోగలరు' అని రాసి సంతకం పెడతారు, లేదా తన లెటర్‌హెడ్ మీద అధికారికి రాస్తారు. 1993లో ఎంపీ నిధుల పథకం మొదలయ్యాక ఎంపీలకు తమ నియోజకవర్గంలో పనులను సిఫారసు చేసే సొంత నిధి వచ్చింది. దాంతో బోరు, కమ్యూనిటీ హాలు, రోడ్డు ముక్క కోసం రాసే ఉత్తరాలు పెరిగాయి. ఆసుపత్రి ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయనిధి కోరే దరఖాస్తు ఇప్పుడు ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో రోజూ కనిపించే కాగితం. దానికి బిల్లులు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకలు జతచేయాల్సి ఉంటుంది.

ఏది ఎవరి పరిధిలో ఉందో తెలుసుకుని రాయడం సగం పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ మున్సిపాలిటీలు. వీధిదీపం, మోరీ, నల్లా సంగతి వార్డు కౌన్సిలరుకూ మున్సిపల్ కమిషనరుకూ రాయాలి. బీడీ కార్మికుల భృతి, రేషను రాష్ట్ర ప్రభుత్వం చూస్తుంది. రైల్వే, పాస్‌పోర్టు, విదేశాంగం ఎంపీ ద్వారా కేంద్రానికి పోవాలి. నియోజకవర్గాల హద్దులు కూడా మారుతుంటాయి. పాత మెట్‌పల్లి నియోజకవర్గం పోయి 2009 ఎన్నికల నుంచి కోరుట్ల నియోజకవర్గం వచ్చింది. కోరుట్ల, జగిత్యాల రెండూ నిజామాబాద్ లోక్‌సభ స్థానం కిందికి వస్తాయి. సిరిసిల్ల కరీంనగర్ కిందికి వస్తుంది. పక్కపక్క ఊళ్లైనా వేర్వేరు ఎంపీలకు రాసుకోవాలి.

ఉత్తరం ఇచ్చి రశీదు తీసుకోకపోతే ఇవ్వనట్టే లెక్క. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక రశీదుకు బలం పెరిగింది. ఫలానా తేదీన ఇచ్చిన వినతిపత్రం మీద ఏం చర్య తీసుకున్నారని అడిగితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఆ దరఖాస్తుకు గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. లోక్‌సభకు నేరుగా పిటిషను పెట్టే పద్ధతి కూడా ఉంది. దాన్ని ఎవరైనా ఒక సభ్యుడు కౌంటర్ సంతకం చేసి సభకు సమర్పించాలి. భాష మర్యాదగా ఉండాలి, చివర ఏం కోరుతున్నారో విడిగా చెప్పాలి.

2016: ఒక పట్టణం రాసిన అభ్యంతరాలు

రాతపూర్వక విన్నపం ఎంతదూరం పోగలదో చూపిన ఘట్టం జిల్లాల పునర్విభజన. 2016 ఆగస్టు 22న తెలంగాణ ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం అభ్యంతరాలు, సూచనలు పంపడానికి 30 రోజులు గడువు పెట్టింది. కలెక్టరేట్లలోనూ, ప్రభుత్వ వెబ్‌సైటులోనూ వాటిని తీసుకున్నారు. ముసాయిదాలో జగిత్యాల జిల్లా ఉంది, సిరిసిల్ల జిల్లా లేదు.

సిరిసిల్లలో బంద్‌లు, ధర్నాలు, దీక్షలు సాగాయి. వాటికి తోడుగా అభ్యంతర పత్రాలు వెళ్లాయి. వీధిలో వినిపించే నినాదం పట్టణం కోపాన్ని చెబుతుంది. చట్టం లెక్కలోకి తీసుకునేది గడువులోగా అందిన రాతనే. ఆ చట్టం దృష్టిలో కొత్త జిల్లాకు కారణాలు మెరుగైన పరిపాలన, ఆ ప్రాంత అభివృద్ధి. రాసేవాళ్లు ఆ రెండింటినీ రుజువు చేయాలి. చివరికి ముసాయిదాలో లేని నాలుగు జిల్లాలు జాబితాలో చేరాయి. అవి సిరిసిల్ల, గద్వాల, జనగామ, ఆసిఫాబాద్. 2016 అక్టోబరు 11న, విజయదశమి రోజున, 21 కొత్త జిల్లాలతో రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 31కి చేరింది. వేములవాడ రాజన్న పేరుతో రాజన్న సిరిసిల్ల జిల్లా, జగిత్యాల జిల్లా ఒకేరోజు పుట్టాయి. కోరుట్ల ఆ తర్వాత రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది.

గల్ఫ్ నుంచి, గల్ఫ్ కోసం

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫ్‌కు పోని ఇల్లు అరుదు. అందువల్ల ఇక్కడి ప్రజాప్రతినిధులకు వచ్చే ఉత్తరాల్లో మరోచోట తక్కువగా కనిపించే ఒక రకం ఉంది. దుబాయ్‌లోనో, సౌదీలోనో చనిపోయిన మనిషి శవాన్ని తెప్పించమని, కఫీల్ (అక్కడి యజమాని) పాస్‌పోర్టు దాచుకున్నాడని, అకామా (నివాస అనుమతి) లేక ఖల్లివెల్లి (అనుమతి లేని మనిషి) అయిన కొడుకు జైల్లో ఉన్నాడని ఇంట్లోవాళ్లు రాసుకునే ఉత్తరాలివి.

ఇలాంటి ఉత్తరంలో ఒక్క వివరం తప్పితే వారాలు పోతాయి. పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, కఫీల్ ఫోను, మనిషి చివరిసారి మాట్లాడిన తేదీ, అతని గదిలో ఉండే తోటివారి నంబరు కావాలి. ఎమ్మెల్యే, ఎంపీ ద్వారా ఆ కాగితం విదేశాంగ శాఖకు, అక్కడినుంచి ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి చేరుతుంది. 2015లో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ తెరిచాక కుటుంబమే నేరుగా ఫిర్యాదు నమోదు చేసి, అది ఎక్కడుందో చూసుకునే వీలు కలిగింది.

ఒక్కోసారి ఒక కాగితం కోసం దేశాలు దాటాల్సి వచ్చింది. ఒకరి మృతి కేసులో దుబాయ్ జైల్లో సుమారు 18 ఏళ్లు గడిపిన సిరిసిల్ల ప్రాంత కార్మికులు కొందరు 2024 ఫిబ్రవరిలో ఇంటికి చేరారు. ఆ కేసులో మృతుడి కుటుంబం నేపాల్‌లో ఉంది. ఆ కుటుంబం ఇచ్చే క్షమాపత్రం ఉంటేనే అక్కడి న్యాయస్థానం విడుదల గురించి ఆలోచిస్తుంది. సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారకరామారావు నేపాల్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలిశారు. ఆ పత్రం వచ్చాక కూడా విడుదలకు ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా ఇళ్లలోని ఆడవాళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూ దరఖాస్తులు ఇస్తూనే ఉన్నారు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు సాయం అందించాలన్న కోరిక కూడా ఇలాగే ఏళ్ల తరబడి వినతిపత్రాల్లో సాగింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల పరిహారానికి ఉత్తర్వులిచ్చింది.

నామినేషన్ పత్రమే వినతిపత్రమైనప్పుడు

ఉత్తరాలకు జవాబు రాని చోట ఎన్నికల కాగితాన్నే విన్నపంగా మార్చిన సందర్భాలు తెలంగాణలో రెండు ఉన్నాయి. 1996లో ఫ్లోరైడ్ బాధితుల గోడు దేశానికి వినిపించడానికి నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. 2019లో నిజామాబాద్ స్థానంలో 185 మంది బరిలో ఉంటే వారిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర వారి కోరికలు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలు ఆ స్థానంలోనివే, పసుపు పండించే నేలలే. అంత పెద్ద జాబితా కోసం ఎన్నికల సంఘం అక్కడ ప్రత్యేక ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది.

జాతీయ పసుపు బోర్డు ఏర్పాటును ప్రధానమంత్రి 2023 అక్టోబరు 1న ప్రకటించారు. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా బోర్డు ప్రారంభమైంది. ఏళ్లపాటు మార్కెట్ యార్డుల్లో, ఎంపీ ఆఫీసుల్లో ఇచ్చిన వినతిపత్రాలు, ఆ తర్వాత నామినేషన్ల వరుస, ఎన్నికల్లో అభ్యర్థుల హామీలు కలిసి దాన్ని సాధించాయి.

సోమవారం ప్రజావాణి

ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. కరీంనగర్ దాకా పోవాల్సిన పని 2016తో తీరింది. ఉదయం నుంచే పాసుబుక్కు నకళ్లున్న ప్లాస్టిక్ కవరు చేతపట్టుకుని ముసలివాళ్లు, భర్త పింఛను కోసం వచ్చినవాళ్లు, భూమి రికార్డులో పేరు తప్పుపడినవాళ్లు వరుసలో నిలబడతారు. దరఖాస్తు రాయించుకోవడానికి బయట రాతగాళ్లు ఉంటారు. లోపల కాగితం కంప్యూటరులో నమోదవుతుంది, నంబరుతో రశీదు వస్తుంది, సంబంధిత అధికారి అక్కడే కూర్చుని ఉంటాడు. రాష్ట్రస్థాయిలో 2023 డిసెంబరు నుంచి హైదరాబాదు ప్రజాభవన్‌లో ప్రజావాణి నడుస్తోంది. అదే నెల 28 నుంచి 2024 జనవరి 6 వరకు ఊరూరా జరిగిన ప్రజాపాలనలో కోటి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

ఆ సంఖ్య రెండు సంగతులు చెబుతుంది. అడగడానికి జనం ఇప్పుడు భయపడడం లేదు. అలాగే, అన్ని కాగితాల మధ్య ఒక కాగితం మరుగునపడకుండా ఉండాలంటే అది పూర్తి వివరాలతో ఉండాలి, ఒకే విషయం మీద ఉండాలి, వెంటపడి అడిగే మనిషి దాని వెనుక ఉండాలి. మీసేవ, పోర్టళ్లు, వాట్సాప్ సందేశాలు వచ్చాక వేగం పెరిగింది. ఉత్తరాన్ని పని చేయించే గుణాలు మాత్రం జనసంఘం చిన్న పుస్తకాల నాటి నుంచి మారలేదు. నియమం ఏమిటో తెలుసుకోవడం, సమస్యను అంకెలతో చెప్పడం, ఒక్కరుగా కాకుండా సమస్య ఉన్నవారందరితో సంతకాలు చేయించడం, చేయగల అధికారం ఉన్నవారికే ఇవ్వడం, రశీదు భద్రపరచడం, జవాబు వచ్చేదాకా అడగడం. చదువు రానివాళ్ల కోసం ప్రతి పంచాయతీలో, ప్రతి వార్డులో డబ్బు తీసుకోకుండా దరఖాస్తు రాసిపెట్టి, రాసింది చదివి వినిపించే ఒక మనిషి ఉంటే, అర్జీనవీసు కాలం నుంచి మిగిలిపోయిన ఆ ఒక్క లోటు కూడా తీరుతుంది.